మొదటిసారికే అన్నీ ‘ఆర్’ ఎందుకొచ్చాయి?

బుజ్జీ,

మైక్రోబయాలజీ పోస్టింగులో చేరిన కొద్దిరోజులకే అసలైన ప్రశ్న పట్టుకున్నావు. 22 ఏళ్ల అమ్మాయి, మూత్రంలో మంట రావడం జీవితంలో ఇదే మొదటిసారి, ఆ జబ్బుకి ఇదివరకు ఒక్క మాత్రా వేసుకోలేదు. అయినా కల్చర్ రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, కోట్రైమోక్సజోల్ అన్నిటికీ ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే లొంగదు) అనే ఉంది. వాడని మందుకి లొంగకపోవడమేమిటి పెద్దమ్మా అని అడిగావు.

లొంగనిది ఆ అమ్మాయి ఒళ్లు కాదు, ఆమెలో ఉన్న బ్యాక్టీరియా. ‘మా ఒంటికి ఈ మందు పడదండీ, ఇంకా పెద్దది రాయండి’ అని అడిగేవాళ్లు నీకు రోజూ ఎదురవుతారు. వాళ్లకి ఈ తేడా ఓపికగా చెప్పాలి.

ఇక ఆ బ్యాక్టీరియా ఎక్కడినుంచి వచ్చిందో చూడు. మూత్రకోశపు ఇన్ఫెక్షన్లలో అత్యధికం ఇ.కొలి వల్ల వచ్చేవే. అది చాలావరకు రోగి సొంత పేగులో కాపురముంటున్నదే. మలద్వారం దగ్గరి చర్మం మీదికి చేరి, అక్కడినుంచి మూత్రనాళంలోకి ఎక్కుతుంది. ఆడవాళ్లకి ఆ నాళం నాలుగు సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, అంతే. కాబట్టి ఆమె మూత్రానికి ఏ మందు వాడిందని కాదు, గడిచిన ఏడాదిలో ఆమె పేగు ఏయే మందులు చూసిందని అడగాలి. జలుబుకి మెడికల్ షాపులో ఇచ్చిన అజిత్రోమైసిన్, విరేచనాలకి ఓఫ్లాక్సాసిన్ కలిసిన మాత్ర, పన్ను నొప్పికి అమాక్సిసిలిన్. ఇవేవీ మూత్రం కోసం వేసుకున్నవి కావు గనుక అడిగితే ‘ఏమీ వాడలేదు’ అనే అంటుంది. అబద్ధం కాదు, ఆమెకి ఆ సంబంధం తెలియదు.

చేలో కలుపుమందు కొడితే లేత కలుపంతా మాడిపోయి, దానికి చావని తుంగ మిగిలిందనుకో. ఖాళీ అయిన నేలంతా తుంగదే. పేగులో జరిగేదీ అదే. ఒక్క కోర్సు యాంటీబయాటిక్ తర్వాత లొంగని రకాలు కనబడే అవకాశం మొదటి నెలలో బాగా ఎక్కువని, ఆ ప్రభావం 12 నెలల దాకా ఉండవచ్చని పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినవారు 2010లో తేల్చారు.

అసలు ఏ మాత్రా మింగనివాళ్ల సంగతేమిటంటావా? వాళ్లకి తిండితోనూ నీళ్లతోనూ వస్తుంది. అదే ఏడాది స్వీడన్‌లో, విదేశాలకి వెళ్లొచ్చిన 100 మంది మలం పరీక్షించారు. వెళ్లేముందు లేని ఈఎస్‌బీఎల్ రకం (సెఫాలోస్పోరిన్ మందుల్ని విరగ్గొట్టే ఎంజైము ఉన్న) ఇ.కొలి, తిరిగొచ్చాక 24 మందిలో కనిపించింది. ఇండియా వచ్చివెళ్లినవాళ్లు కొద్దిమందే గాని, వాళ్లలో 88 శాతానికి అంటింది. కొన్నాళ్లుండి వెళ్లినవాళ్లకే అలా అయితే, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల మాట చెప్పేదేముంది! హైదరాబాద్ దగ్గరి మన పటాన్‌చెరు సంగతీ తెలుసుకో. అక్కడి మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధిచేసే ప్లాంటునుంచి బయటికి వస్తున్న నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో బయటపడింది. మనిషి మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. నాకు ఇప్పటికీ కడుపు రగిలే విషయమిది.

లొంగని గుణం తల్లి కణంనుంచి పిల్ల కణానికే కాదు, పక్క కణానికీ పోతుంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ఇ.కొలి నుంచి క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియాకి సులువుగా దాటుతుంది. ఒకే వలయం మీద నాలుగైదు మందుల్ని ఎదుర్కొనే జన్యువులుంటాయి గనుక, ఏ ఒక్క మందు వాడినా మొత్తం మూటా నిలబడుతుంది. సిప్రో సంగతి కాస్త వేరు. దానికి లొంగకపోవడం ఎక్కువగా బ్యాక్టీరియా సొంత క్రోమోజోములో వచ్చే మార్పుల వల్ల. ప్లాస్మిడ్ మీద దాటే జన్యువుల్లో ఎన్‌డీఎం-1 పేరు ఎన్నోసార్లు విని ఉంటావు. మొదట వర్ణించినది 2008 జనవరిలో తీసిన ఒక రోగి మూత్రపు శాంపిల్లోని క్లెబ్సియెల్లాలోనే.

మందు డిస్కులు పెట్టిన ఆ అమ్మాయి ప్లేటు ఇంకా పారేయకపోతే వెలుతురుకి ఎత్తి చూడు. ఈఎస్‌బీఎల్ రకమే అయితే, సెఫొటాక్సిమ్ డిస్కు దాకా బ్యాక్టీరియా పాచిలా పెరిగి ఉంటుంది. కాని పక్కనున్న అమాక్సిక్లావ్ డిస్కు వైపు మాత్రం, రెంటికీ మధ్య, తాళం కప్పలో చెవి దూర్చే కన్నం ఆకారంలో ఖాళీ కనిపిస్తుంది. అమాక్సిక్లావ్‌లోని క్లావులానిక్ ఆమ్లం ఈఎస్‌బీఎల్ ఎంజైముని కట్టిపడేసిన చోట సెఫొటాక్సిమ్ మళ్లీ పనిచేసిందన్నమాట. ఈఎస్‌బీఎల్ అంటే ఏమిటో పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత బాగా అర్థం కాదు.

శాంపిల్ విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగకు. మొదటి మాత్ర వేసుకోకముందే, మధ్యధార మూత్రం పట్టించాలి. రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మంటా జ్వరమూ ఏమీ లేకుండా రిపోర్టులో మాత్రం బ్యాక్టీరియా కనబడిందని మందు మొదలుపెట్టడం మన దగ్గర చాలా ఎక్కువ, ముఖ్యంగా ముసలివాళ్లకి. గర్భిణులకి, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయబోయేవాళ్లకి తప్ప సాధారణంగా అక్కర్లేదు. అలా ఇచ్చిన కోర్సు వాళ్ల పేగులో లొంగని రకాల్నే మిగల్చవచ్చు.

ఆమె రిపోర్టులో నైట్రోఫ్యూరాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ఎదురుగా ‘ఎస్’ (సెన్సిటివ్, అంటే లొంగుతుంది) ఉందని రాశావు. మొదటిది 1950లనాటి మందు, ఇప్పటికీ చాలా ఇ.కొలి దానికి లొంగుతుంది. ఇన్ఫెక్షన్ మూత్రకోశం వరకే అయితే అది చాలు. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి ఉంటే మాత్రం పనికిరాదు, కిడ్నీ కణజాలంలో తగినంత చేరదు. ఇవి ఉన్నాయో లేవో వార్డు డాక్టరుగారిని అడిగి తెలుసుకో. ఆ అమ్మాయికి మాత్రం రిపోర్టు జాగ్రత్తగా దాచుకోమని చెప్పు. ఏడాదిలోపు మళ్లీ మంట వస్తే, కొత్త కల్చర్ వచ్చేలోగా ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరు దాన్ని చూసే నిర్ణయించుకోవాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ