టీకా వేయువారి సందేహము

టీకా వేయవలసినవారే టీకాకు వెనుదీయుట కలదు. 2003లో సార్స్ వ్యాధికి ఆసుపత్రి సిబ్బందియే అనేకులు గురియైన నగరము హాంకాంగ్. 2009లో కొత్త ఫ్లూ వ్యాపించుచుండగా అచటి ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బందిని విచారింపగా, టీకాకు సమ్మతించినవారు సగమునకు లోపే! దుష్ఫలితముల భయము, గుణమునుగూర్చిన అనుమానము ఇందుకు ప్రధాన కారణములు. ఇది చదువుకొన్నవారి సందేహము. మొండితనమని కొట్టివేయుట తగదని మేము తలంచుచున్నాము.

అయినను ఫ్లూ సోకినవారు, లక్షణములు పొడసూపుటకు ఒకదినము ముందుగనే ఇతరులకు దానిని అంటింపగలరు. బాలింతలను, పసిబిడ్డలను తాకునది గ్రామ ఆరోగ్య కార్యకర్తయే కదా! కావున ఇట్టి టీకా వచ్చినపుడు, పంచాయతీ సభ్యులు ఊరిలో చాటింపు వేయించుటకు ముందే ఆమె ప్రశ్నలకు ప్రాథమికారోగ్య కేంద్రపు డాక్టరుచేత సమాధానము చెప్పింపవలెను. "అమ్మా, మీరు వేయించుకొంటిరా?" యని ఊరివారు మొదట అడుగునది ఆమెనే.