పాత క్రోమ్‌లో ఎవరెవరి పాస్‌వర్డ్‌లు ఉన్నాయో చూశావా?

నరసరావుపేట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొట్టుకి కొత్త కంప్యూటర్ తీసుకున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. మంచి పని చేశావు తల్లీ. నీ పాత విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో 110 వచ్చిన దగ్గర్నుంచి ఆ విండోస్‌కి కొత్త క్రోమ్ ఇవ్వడం మానేశారు. అప్పట్నుంచి బయటపడిన లొసుగులు వేటికీ నీ బ్రౌజర్‌లో మరమ్మతు జరగలేదు. బ్యాంకు పనులూ పాన్ పనులూ దాంట్లోనే చేస్తున్నావని నాకు ఎప్పుడూ గుబులుగానే ఉండేది.

ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ వాడదామనుకుంటున్నావట. నాకూ ఇష్టమే. తెలుగువాళ్లు స్వచ్ఛందంగా కూర్చుని దాని మెనూలు తెలుగు చేశారు, కావాలంటే కొట్టులో తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఎడ్జ్ ఎలాగూ విండోస్‌తోనే వస్తుంది. పాత సర్కారు సైటేదైనా మొరాయిస్తే దాంట్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ ఉంది. ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న మూసేసినా ఆ ఒక్క వెసులుబాటు మిగిల్చారు.

"పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదాంట్లోకి ఎలా తేవాలి మామయ్యా?" అని అడిగావు. తేవడం అరగంట పని, అదీ చెప్తాను. కానీ ఉన్నదంతా తేవద్దు. వాట్సాప్‌లో రెండు ముక్కలు పెడితే తేలిగ్గా తీసుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఇంట్లో కంప్యూటరైతే నేనూ "అన్నీ పట్టుకుపో" అనేవాణ్ణి. నీది వినుకొండలో నెట్ సెంటర్. బొల్లాపల్లి నుంచి, ఈపూరు నుంచి, నూజెండ్ల నుంచి, శావల్యాపురం నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు నీ ఎదురుగా కుర్చీలో కూర్చుని తమ నంబర్లూ పాస్‌వర్డ్‌లూ పైకే చెప్తారు. అడంగల్ కోసం ఒకరు, పీఎఫ్ కోసం ఒకరు, పిల్లవాడి ఈఏపీసెట్ ఆప్షన్ల కోసం ఒకరు. లాగిన్ అయిన ప్రతిసారీ "సేవ్ చేయమంటారా" అని క్రోమ్ అడుగుతుంది. వెనక నలుగురు నిలబడి ఉంటారు, చెయ్యి దానంతటదే సేవ్ మీద పడుతుంది. ఏళ్ల తరబడి అలా పోగైన సరుకు అది.

ముందు పాత క్రోమ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌ల పేజీ తెరువు. ఏదీ కదపకుండా పైనుంచి కిందిదాకా ఒకసారి చదువు. ఆదాయపన్ను సైటు కింద యూజర్ ఐడీలన్నీ పాన్ నంబర్లే ఉంటాయి. పీఎఫ్ సైటు కింద పన్నెండంకెల యూఏఎన్ నంబర్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో నీవెన్ని? కొట్టువెన్ని? కరెంటు బిల్లు, నీ బ్యాంకు, నీ మెయిల్, కొట్టు పేరుతో ఉన్న ఖాతాలు తీసేస్తే మిగిలినవన్నీ పరాయివాళ్లవి. మిరపకాయల కల్లంలో తాలు ఏరకుండా టిక్కీల్లో తొక్కితే యార్డులో సరుకంతా ధర పడిపోతుందని మీ నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడా ఏరుడే అసలు పని. ఎగుమతి తర్వాత.

ఏరేటప్పుడు నీ మనసు ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. "నాకేం గుర్తుంటుందమ్మా, నీ దగ్గరే ఉండనీ" అని చెప్పి వెళ్లిన పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లది తీసేస్తే మళ్లీ వచ్చినప్పుడు ఏం చెప్పాలి అనుకుంటావు. వాళ్ల నమ్మకం గొప్పదే. నిజంగా ఆ నమ్మకం నిలబెట్టాలంటే ఆ పాస్‌వర్డ్ నీ దగ్గర ఉండకూడదు. రేపు ఆ ఖాతాలో రూపాయి అటూ ఇటూ అయినా, నువ్వు ఏ పాపం ఎరగకపోయినా, పాస్‌వర్డ్ దొరికేది నీ కంప్యూటర్‌లో. వాళ్లు నిన్ను అనుమానించకపోయినా వాళ్ల కొడుకులు అనుమానిస్తారు. వచ్చినవాళ్లకి వచ్చినట్టే వాళ్ల బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు ఇంట్లో దాచుకునే పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వు, ఇక్కడ చెరిపెయ్యి. రానివాళ్లవి కూడా చెరిపెయ్యి. పాస్‌వర్డ్ మరిచిపోతే చాలా సైట్లలో వాళ్ల ఫోన్‌కి వచ్చే ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు, ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు వాళ్ల ఎదురుగానే, వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలో ఉండగానే గడవనీ.

ఇంకొక సంగతి నీకు తట్టి ఉండదు. పాత క్రోమ్‌లో నీ జీమెయిల్‌తో సింక్ పెట్టుకుని ఉంటే, ఆ పాస్‌వర్డ్‌లన్నీ నీ గూగుల్ ఖాతాలోకి ఎప్పుడో చేరిపోయాయి. నీ ఫోన్‌లోకీ వచ్చేశాయి. కొత్త కంప్యూటర్‌లో క్రోమ్ పెట్టి సైనిన్ చేసి సింక్‌కి సరే అన్నావంటే మొత్తం మళ్లీ దిగుతుంది, నువ్వు ఏమీ తరలించకపోయినా. కాబట్టి సింక్ ఆన్‌లో ఉండగానే తీసెయ్యి, ఖాతాలోనూ పోతాయి. తర్వాత ఫోన్‌లో చూసి పోయాయని ఖాయం చేసుకో.

ఏరడం అయ్యాక మిగిలినవి పదో పన్నెండో అయితే ఎగుమతి జోలికే పోకు. కొత్త బ్రౌజర్‌లో ఒక్కొక్కటీ చేత్తో కొట్టి సేవ్ చేసుకో. ఎక్కువ ఉంటేనే ఫైలు దించు. అదే పాస్‌వర్డ్‌ల పేజీలో మూడు చుక్కలు నొక్కితే ఎక్స్‌పోర్ట్ ఉంటుంది. విండోస్ పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్‌కి అసలు పాస్‌వర్డే పెట్టకపోతే అదీ అడగదు, కొట్టులో కూర్చున్న ఎవరైనా దించుకోవచ్చు. వచ్చేది సీఎస్‌వీ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సైటు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కామాలతో పక్కపక్కనే చదివేయొచ్చు. దానికి తాళం ఉండదు.

ఆ ఫైలుని ఎక్సెల్‌లో తెరవకు తల్లీ. పన్నెండంకెల యూఏఎన్ నంబర్ని ఎక్సెల్ లెక్కగా తీసుకుని 1.01E+11 లాగా చూపిస్తుంది. అలవాటుగా సేవ్ నొక్కావో, ఫైల్లోకీ అదే ఎక్కుతుంది, అసలు అంకెలు పోతాయి. సున్నాతో మొదలయ్యే నంబర్లకి ముందున్న సున్నా ఊడిపోతుంది. సమానం గుర్తుతో మొదలయ్యే పాస్‌వర్డ్‌ని సూత్రమనుకుంటుంది. తెలుగులో ఏదైనా ఉంటే పిచ్చి గుర్తులు కనిపించవచ్చు. తీరా కొత్త బ్రౌజర్‌లో ఎక్కించాక "పాస్‌వర్డ్ తప్పు" అని వస్తుంటే ఎక్కడ పోయిందో ఎవరికీ అంతుచిక్కదు. చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లోనే చూడు.

దాన్ని డెస్క్‌టాప్ మీద కూడా పెట్టకు. కొత్త విండోస్ 11లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లేట్టు అమరి ఉండొచ్చు, నువ్వు గమనించేలోపే నకలు నెట్‌లోకి ఎక్కుతుంది. నీకు నువ్వే వాట్సాప్ చేసుకోవడం, మెయిల్ చేసుకోవడం అసలొద్దు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లు, ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్‌ల పేజీలో మూడు చుక్కల కింద ఫైలు నుంచి దిగుమతి చేసుకో, రెండు మూడు ఖాతాల్లోకి లాగిన్ అయి చూసుకో, వెంటనే రెండు చోట్లా షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టు. ఆ పెన్‌డ్రైవ్‌నే జనం ప్రింట్ల కోసం వాడతావు కాబట్టి ఫార్మాట్ కూడా చెయ్యి.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ అని ఒకటుంది, తప్పకుండా పెట్టు. అది లేకపోతే ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ కొట్టుకుని వేరే కంప్యూటర్‌లో పెట్టినా పాస్‌వర్డ్‌లన్నీ తెరుచుకుంటాయి. క్రోమ్ అలా కాదు. విండోస్‌లో అది పాస్‌వర్డ్‌లకి వేసే తాళం ఆ కంప్యూటర్‌లోని ఆ యూజర్‌కి ముడిపడి ఉంటుంది. క్రోమ్ ఫోల్డర్ మొత్తం మోసుకెళ్తే బుక్‌మార్కులొస్తాయి గానీ పాస్‌వర్డ్‌లు రావు. మీ పక్క కొట్టు అబ్బాయి ఫోల్డర్ కాపీ కొడితే చాలంటున్నాడని చెప్పావు కదా, అందుకని రాశాను.

బుక్‌మార్కుల దగ్గర భయమేమీ లేదు. బుక్‌మార్క్ మేనేజర్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. ఆ ఫైలుని ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరస చూడు. నెట్‌స్కేప్ అని ఉంటుంది. 1994లో వచ్చి, 2008లో పూర్తిగా మూతపడిన బ్రౌజర్ పేరది. మూతపడి ఇన్నేళ్లయినా క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడూ ఇప్పటికీ దాని పద్ధతిలోనే బుక్‌మార్కులు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఒకరి సరుకు ఒకరు చదవగలిగేట్టు ఒక పద్ధతి కుదిరితే కంపెనీ పోయినా జనానికి అది మిగులుతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎంతో ఇష్టమైన సంగతి అదే. ప్రతి బుక్‌మార్కు పక్కన పొడుగాటి అంకె ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఏ రోజు దాచావో అందులోనే ఉంది.

అయితే బుక్‌మార్కుల్లో కూడా కాలం చెల్లినవి ఉంటాయి. ఎంసెట్ మన రాష్ట్రంలో 2021 నుంచి ఈఏపీసెట్ అయింది, ఆ పాత లింకులు ఇంకెందుకు? అలాగే ఫారాలు నింపేందుకు నువ్వు క్రోమ్‌లో దాచిన కొట్టు చిరునామా ఒకసారి చూడు. "వినుకొండ, గుంటూరు జిల్లా, 522647" అని ఉంటుందని నా అనుమానం. 2022 ఏప్రిల్ 4న మనం పల్నాడు జిల్లాలోకి వచ్చాం. నువ్వు ఫారం చేత్తో నింపేటప్పుడు పల్నాడు అనే కొడతావు, కానీ ఆటోఫిల్ గుంటూరు అని నింపేస్తుంది, హడావిడిలో సరే అంటావు. జిల్లా తప్పు పడితే దరఖాస్తు వెనక్కొచ్చి, ఛార్జీలు పెట్టుకుని ఆ మనిషి మళ్లీ బస్సెక్కాలి. ఆ చిరునామా తేవద్దు. కొత్తగా రాయి.

ఎక్స్‌టెన్షన్లు వాటంతటవే వస్తాయని అనుకోకు. ఒక్కొక్కటీ కొత్తగా పెట్టుకోవాలి, ఏది నిజంగా వాడుతున్నావో అదే పెట్టుకో. ఒకప్పుడు ఈనాడు లాంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో ఉండేవి. వాటిని యూనికోడ్ చేసి చూపించేందుకు ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడ్-ఆన్ వాడేవాళ్లం. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా యాడ్-ఆన్లన్నిటికీ ఒక్కసారిగా తలుపు మూసింది. ఎక్స్‌టెన్షన్ మీద పని ఆధారపడితే ఎప్పటికైనా అంతే. తెలుగు టైపు చేసుకునే లేఖినికి ఆ బాధ లేదు, అది ఒక వెబ్ పేజీ, బుక్‌మార్కు ఉంటే చాలు.

వేలిముద్ర పరికరం, ప్రింటర్, తెలుగు కీబోర్డు బ్రౌజర్‌వి కావు, కంప్యూటర్‌వి. కాబట్టి ఏ దిగుమతిలోనూ రావు. పరికరానికి ఆర్‌డీ సర్వీసు కొత్తగా ఎక్కించి, ఒకసారి నీ వేలితోనే పరీక్షించుకో, జనం వచ్చాక కాదు.

కొట్టులో జనం సొంతంగా కూర్చునే రెండో కంప్యూటర్ ఉంది కదా, దాని సంగతి వేరు. దాంట్లో పాస్‌వర్డ్ సేవ్ చేయమని అడగడమే ఆపెయ్యి, ఫైర్‌ఫాక్స్ మూయగానే కుకీలు చెరిగిపోయేట్టు పెట్టు. ఇక్కడ చట్టం మాట కూడా ఉంది. 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరూ, ఏ సైట్లు చూశారో ఆ చిట్టా కనీసం ఏడాది ఉంచాలి. క్రోమ్ హిస్టరీలో 90 రోజులవే ఉంటాయి. పాత హిస్టరీని కొత్త బ్రౌజర్‌లోకి తెస్తే నిబంధన తీరిందనుకుంటావేమో, తీరదు. ఆ చిట్టా కోసం బ్రౌజర్‌కి సంబంధం లేకుండా ప్రాక్సీ ఏర్పాటు ఉండాలి, అది ఎవరి కంటా పడకుండా తాళంలో ఉండాలి. చట్టం అడిగింది ఆ చిట్టాని, జనం పాస్‌వర్డ్‌లని కాదు. ఈ తేడా నీకు బాగా పట్టాలి.

ఇదంతా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో పెట్టుకోకు. తొలి ఏకాదశికి కొండమీద తిరునాళ్లని ఎలాగూ కొట్టు తెరవవు కదా, ముందురోజు సాయంత్రం మొదలుపెడితే తీరిగ్గా అవుతుంది. పాత కంప్యూటర్‌ని నెట్ వైరు పీకేసి ఒక నెల పక్కన ఉంచు, ఏదైనా మరిచిపోతే చూసుకోవచ్చు. నెల తర్వాత దాన్ని కొనడానికి ఎవరో వస్తామన్నారట. ఇచ్చెయ్యి, హార్డ్ డిస్కు మాత్రం విప్పి నీ దగ్గర పెట్టుకుని ఇవ్వు. డిస్కు లేదని ఐదొందలు తగ్గించమంటే తగ్గించు. ఎలా విప్పాలో తెలియకపోతే ఆదివారం నాకు ఫోన్ చెయ్యి, లేదా ఆ పెట్టె నరసరావుపేట బస్సులో వేసుకుని ఇంటికే రా, మీ అత్తయ్య కూడా నిన్ను చూసి చాలా రోజులైందంటోంది.

ఇట్లు,
మీ మామయ్య