కొత్తవారికి నేర్పడం అంటే ఏమిటి? స్వామీజీ, సోదరి నివేదితల నుంచి నాలుగు పాఠాలు

ఈ వారం వీడియోలో సేవ గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో టైం సరిపోక వదిలేసిన ఒక విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి 'కేటీ' అంటే తెలుసు. మన పనిని కొత్తవాళ్లకి అప్పగించడం. డాక్యుమెంట్లు ఇస్తాం, నాలుగు కాల్స్ పెడతాం, అయిపోతుంది. కానీ ధర్మకార్యంలో ఒక కొత్త మనిషిని మన పక్కన నిలబెట్టి "వీళ్లని నువ్వే తయారు చెయ్యి" అంటే? అక్కడ అప్పగించేది పనిని మాత్రమే కాదు. ఒక మనిషి మనసు కూడా మన చేతుల్లోకి వస్తుంది. అందుకే ఇది ఎలా చెయ్యాలో తెలుసుకోవాలి.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ స్వామి వివేకానంద. 1895లో లండన్‌లో ఆయన్ని మార్గరెట్ నోబుల్ అనే ఐరిష్ టీచర్ కలిశారు. సొంతంగా స్కూల్ నడిపిన మనిషి, ప్రశ్నించకుండా ఏదీ ఒప్పుకోని మనిషి. 1898 జనవరి 28న ఆమె కలకత్తాలో ఓడ దిగారు. అప్పటికి ఆమెకి 30 ఏళ్లు, స్వామీజీకి 35. ఆమే తర్వాత మన సోదరి నివేదిత.

మొదటి పాఠం: ముందే నిజం చెప్పాలి

ఆమె రాకముందు, 1897 జూలై 29న అల్మోరా నుంచి స్వామీజీ ఒక ఉత్తరం రాశారు. ఇక్కడి పేదరికం, ఎండలు, కుల పట్టింపులు, తెల్లవాళ్ల మీద జనానికి ఉన్న భయం, ద్వేషం, అన్నీ దాచకుండా చెప్పారు. మామూలుగా మనం ఏం చేస్తాం? "చాలా బాగుంటుంది, వచ్చెయ్" అంటాం. ఆయన అలా అనలేదు. కానీ అదే ఉత్తరంలో ఇంకో మాట కూడా ఇచ్చారు: నువ్వు భారతదేశం కోసం పనిచేసినా, చెయ్యకపోయినా, వేదాంతాన్ని వదిలేసినా సరే, నేను మాత్రం చివరిదాకా నీ వెంట ఉంటానని. కష్టం ఉంటుందనీ చెప్పారు, తోడుంటాననీ చెప్పారు. రెండూ కలిపి చెప్పడంలోనే ఉంది విషయమంతా.

రెండో పాఠం: పని కంటే ముందు మనుషులు

వచ్చిన వెంటనే ఆమెకి బాధ్యతలు ఇవ్వలేదు. ముందు బెంగాలీ నేర్చుకోవడం, ఇక్కడి మనుషుల్ని తెలుసుకోవడం. మార్చిలో శ్రీ శారదామాతను కలిశారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అమ్మ, ఆ విదేశీ స్త్రీలతో కలిసి భోజనం చేశారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద విషయమో ఊహించండి! మార్చి 25న స్వామీజీ ఆమెకి బ్రహ్మచర్య దీక్ష ఇచ్చి, నివేదిత అని పేరు పెట్టారు. అంటే సమర్పితమైనది అని.

మూడో పాఠం: నేర్పేవాడు కూడా వినాలి

ఆ వేసవిలో అల్మోరాలో అసలు పరీక్ష మొదలైంది. బ్రిటిష్ సామ్రాజ్యం మీద ఆమెకున్న అభిమానాన్ని, భారతదేశాన్ని యూరప్ కొలతలతో కొలిచే అలవాటును స్వామీజీ గట్టిగా దెబ్బకొట్టారు. రోజూ వాదనలే. ఆమె బాగా నలిగిపోయారు. బృందంలోని ఒక పెద్దావిడ చూడలేక, ఇది మరీ ఎక్కువవుతోందని స్వామీజీకి చెప్పారు. ఆయన మౌనంగా విని వెళ్లిపోయారు. సాయంత్రం తిరిగొచ్చి, మీరు చెప్పిందే నిజం, మార్పు రావాలి అన్నారు. ఏకాంతం కోసం అడవికి వెళ్తాననీ, శాంతితో తిరిగొస్తాననీ చెప్పారు. అప్పుడే ఆకాశంలో నెలవంక కనిపించింది. దానితో పాటే మనమూ కొత్త జీవితం మొదలుపెడదామని, ఎదురుగా మోకరిల్లిన నివేదితను ఆశీర్వదించారు.

ప్రపంచమంతా పేరున్న గురువు! "నేర్పేది నేను, మధ్యలో నీకెందుకు" అని ఒక్క మాటతో తీసిపారేయొచ్చు. ఆయన అలా చెయ్యలేదు.

నాలుగో పాఠం: తర్వాత దారి వదలాలి

1898 నవంబర్ 13, కాళీపూజ రోజు. బాగ్‌బజార్‌లో నివేదిత బాలికల పాఠశాలని శారదామాత ప్రారంభించారు. ఆ స్కూల్ ప్లాన్‌లో తప్పులుంటే చెప్పమని నివేదిత అడిగితే, స్వామీజీ విమర్శించనన్నారు. నాకెంత ప్రేరణ ఉందో నీకూ అంతే ఉంది, నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి, నేను సాయం చేస్తాను అన్నది ఆయన మాటల సారాంశం. మరుసటి ఏడాది కలకత్తాలో ప్లేగు వచ్చినప్పుడు రామకృష్ణ మిషన్ సేవాకార్యంలో ఆమె ముందు నిలబడ్డారు.

ఇవన్నీ మన స్థాయిలో పనికొస్తాయా? మా ఆదివారం బాలల తరగతిలో ఈ మధ్య ఒక బీటెక్ తమ్ముడిని నాకు అప్పగించారు. మొదటి రోజే చెప్పాను: "నెల రోజులు పిల్లలు నీ మాట వినరు, ఆదివారం నిద్ర పోతుంది, ఎవరూ థాంక్స్ చెప్పరు." నాలుగో వారం ఫోన్ చేసి "అన్నా, నావల్ల కాదు, మానేస్తా" అన్నాడు. "మానేసినా నువ్వు నా తమ్ముడివే రా. టీకి మాత్రం రా" అన్నాను. వచ్చాడు. టీ తాగుతూ, కథ చెప్పే బదులు ప్రహ్లాదుడి కథని పిల్లలతోనే నాటకం వేయిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. నేనైతే ఎప్పటికీ అలా చెప్పను, నాది వైట్‌బోర్డ్ పద్ధతి. కానీ మరుసటి వారం వెనక వరుసలో కూర్చుని చూశాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప నరసింహస్వామిగా గర్జించింది!

చివరగా ఒక కష్టమైన ప్రశ్న. 1902 జూలై 4న స్వామీజీ దేహం విడిచారు. ఆ నెలలోనే నివేదిత మఠంతో అధికారిక సంబంధం వదులుకున్నారు. దేశ స్వాతంత్ర్యం కోసం పనిచెయ్యాలని ఆమె మనసు చెప్పింది. మఠం రాజకీయాల్లోకి రాదు. మరి స్వామీజీ ఇచ్చిన శిక్షణ ఓడిపోయినట్టా? నాకు అలా అనిపించదు. ఆ తర్వాత కూడా ఆమె తన పేరుని 'రామకృష్ణ వివేకానందుల నివేదిత' అనే రాసుకున్నారు. గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు అంతా బోధించి, చివరికి అర్జునుడితో ఏమంటాడు? బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యి అంటాడు. మనం నేర్పినవాళ్లు మనకి జిరాక్స్ కాపీలు కానక్కర్లేదు. సొంత కాళ్ల మీద, ధర్మం వైపు నిలబడితే చాలు.

ఈ వారం సాధన: మీ ఆఫీసులోనో, గుడి సేవలోనో, ఇంట్లోనో కొత్తగా నేర్చుకుంటున్న ఒకరిని గుర్తుచేసుకోండి. వాళ్లకి ఇంకా చెప్పని కష్టం ఏదైనా ఉంటే ఈ వారం చెప్పండి. తర్వాత ఒక పనిని పూర్తిగా వాళ్ల పద్ధతిలో చెయ్యనివ్వండి. మీరు వెనక వరుసలో కూర్చోండి.

వచ్చే వారం కలుద్దాం. హరిః ఓం.