పల్లెబాట పట్టిన శాస్త్రజ్ఞుడు

మహానగరాన్ని వీడి ప్రశాంతంగా జీవించాలని కోరుకొనేవారు నేడు ఎందరో ఉన్నారు. అలా వెళ్లినవారిలో కొందరు కొద్దికాలానికే పశ్చాత్తాపంతో వెనుదిరుగుతారు. ఈ విషయంలో జపాన్ దేశీయుడైన మసనోబు ఫుకువోకా జీవితం ఆలోచింపదగినది.

ఫుకువోకా 1913లో షికోకు ద్వీపంలో జన్మించాడు. యొకొహామా నగరపు సుంకాల కార్యాలయంలో మొక్కల తెగుళ్లను పరిశీలించే ఉద్యోగం చేశాడు. తీవ్రమైన అనారోగ్యం నుండి కోలుకున్న పిదప, 25 ఏళ్ల ప్రాయంలో ఉద్యోగం విడిచి స్వగ్రామం చేరాడు. ప్రకృతికి మానవుని జోక్యం అనవసరమని ఆయన విశ్వాసం. అందువల్ల తండ్రి కమలాతోటలో కొమ్మలు కత్తిరించడం మానివేశాడు. కొమ్మలు చిక్కుపడి, పురుగులు సోకి తోట ఎండిపోయింది.

ఆయన మరల ఉద్యోగంలో చేరాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేవరకు కోచి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశాడు. అయితే ఓటమికి కుంగిపోలేదు; దాని కారణాన్ని గ్రహించాడు. ఏళ్ల తరబడి కత్తిరింపుకు అలవాటుపడిన చెట్టును ఒక్కసారిగా వదలివేయడం ప్రకృతి సేద్యం కాదు, అలక్ష్యమే.

యుద్ధానంతరం తిరిగి పల్లె చేరాడు. నేల దున్నకుండా, రసాయనాలు వాడకుండా, పొలంలో గడ్డి పరచి వరి, బార్లీ పండించాడు. 1975లో వెలువడిన ఆయన గ్రంథం 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగులోకి వచ్చింది. 1988లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. 2008లో ఆయన కన్నుమూశాడు.

నగరం వీడినంతమాత్రాన ప్రశాంతత లభించదు. పల్లె కోరే శ్రమను, ఓర్పును అలవరచుకోనివారికి పశ్చాత్తాపమే మిగులుతుంది. తొలి ఓటమినే పాఠంగా స్వీకరించినవారికి ఆ నేలే అన్నం పెడుతుంది.

ప్రశ్నలు
1. ఫుకువోకా తొలి ప్రయత్నం ఎందుకు విఫలమైంది?
2. ప్రకృతి సేద్యానికి, అలక్ష్యానికి గల భేదాన్ని వివరించండి.