గుండె శస్త్రచికిత్స - గ్రామము వంతు

పట్టణములోని పెద్ద ఆసుపత్రిలో గుండెకు శస్త్రచికిత్స జరిగి, రోగి క్షేమముగా ఇల్లు చేరగానే గండము గడచినదని ఊరివారందరును ఊపిరి పీల్చుకొందురు. నిజమునకు అప్పటికి సగము పనియే ముగిసినది. చికిత్సకు ముందు రోగిని సిద్ధపరచుట, తరువాత సుమారు మూడు మాసములు కాపాడుట, కొందరి విషయమున జీవితాంతము కనిపెట్టి యుండుట అనునవి ఇంటిలోను ఊరిలోను జరుగవలసిన పనులు. ఇందులో పంచాయతీ సభ్యుల వంతేమియో తెలిసికొనుటకే ఈ పాఠము.

చికిత్స యెవరికి? ఎట్లు?

గుండె పిడికిలియంత కండరము. అందు నాలుగు గదులు, రక్తము వెనుకకు మరలకుండ ఆపు తలుపులవంటి నాలుగు కవాటములు కలవు. మన గ్రామములలో ఈ శస్త్రచికిత్స ముఖ్యముగా రెండు కారణములచే అవసరమగుచున్నది. మొదటిది, గుండెకు రక్తము నందించు నాళములు పూడిపోవుట. పొగ త్రాగువారికి, మధుమేహము, రక్తపుపోటు కలవారికి ఈ ప్రమాదము హెచ్చు. కాలినుండియో రొమ్మునుండియో తీసిన నాళముతో పూడికను దాటించి రక్తమునకు క్రొత్తదారి ఏర్పరచుటను బైపాస్ అందురు. రెండవది, కవాటములు చెడుట. చిన్ననాట గొంతునొప్పిని నిర్లక్ష్యము చేయగా, తరువాత కీళ్లవాపుతో వచ్చు రుమాటిక్ జ్వరము కవాటములను కొరికివేయును. ఇది పేదల ఇండ్లలో, ఇరుకు గదులలో పెరిగిన పిల్లలను ఎక్కువగా పట్టు వ్యాధి.

వైద్యులు రొమ్ము ఎముకను నిలువున కోసి గుండెను చేరుదురు. పని సాగునంతసేపు గుండె, ఊపిరితిత్తులు చేయవలసిన పనిని ఒక యంత్రము చేయును. అట్టి యంత్రముతో మొదటి విజయవంతమైన చికిత్సను 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ చేసిరి. మన దేశమున మొదటి బైపాస్ చికిత్సను 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె. ఎం. చెరియన్ చేసిరి. తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ మన దేశమునందే రూపొందించిన కృత్రిమ కవాటమును 1990లో మొదటిసారి ఒక రోగికి అమర్చిరి. నేడు హైదరాబాదు నిమ్స్‌లోను, తిరుపతి స్విమ్స్‌లోను, మరి పెక్కు ఆసుపత్రులలోను ఈ చికిత్స నిత్యకృత్యమైనది.

ముందు సన్నాహము

ఒక ఉదాహరణమును తీసికొందము. ముప్పది యేండ్ల వ్యవసాయ కూలీ స్త్రీ కలదు. నాలుగడుగులు వేయగానే ఆయాసము. రాత్రి పడుకొన్న ఊపిరాడదు. కవాటము మార్చవలెనని వైద్యులు చెప్పిరి. ఆమె యింటివారు చేయవలసినదేమి?

మొదట కాగితములు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకముల క్రింద అర్హులైన కుటుంబములకు గుండె శస్త్రచికిత్సలు లభించును. అప్పు కొరకు పరుగెత్తుటకు ముందు, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి అడుగవలెను. రేషను కార్డులో, ఆధారులో పేరు, వయస్సు సరిపోలనిచో ముందే సరిచేయించవలెను. పేరులోని ఒక్క అక్షరపు తేడా అనుమతిని ఆలస్యము చేయవచ్చును.

రెండవది పండ్లు. పుచ్చిన పంటినుండి క్రిములు రక్తములో చేరి క్రొత్త కవాటమును చెరుపగలవు. కావున దంతవైద్యుని ముందే చూడవలెను. మూడవది పొగ. బీడీ, చుట్ట త్రాగువారు చికిత్సకు నాలుగు వారములకైనను ముందు పూర్తిగా మానవలెను, మరల ముట్టరాదు. నాలుగవది మందులు. వాడుచున్న మాత్రలన్నిటిని, నాటుమందులతో సహా, సంచిలో వేసికొనిపోయి వైద్యునికి చూపవలెను. రక్తమును పలుచబరచు మాత్రలు కొన్నిటిని ముందుగా ఆపవలసి యుండును. ఏది ఆపవలెనో, ఎన్నడు ఆపవలెనో వైద్యుడే చెప్పవలెను. మధుమేహము, రక్తపుపోటు అదుపులో నుండవలెను. రక్తము అవసరము కావచ్చును గనుక రక్తదాతలను ముందే సమకూర్చుకొనవలెను.

గట్టిగా ఊపిరి పీల్చుట, రొమ్మునకు దిండు నదుముకొని దగ్గుట ముందే అభ్యసింపవలెను. చికిత్సానంతరము ఊపిరితిత్తులలో కఫము నిలువకుండుటకు ఈ అభ్యాసమే రక్ష.

ఆసుపత్రిలో

సాధారణముగా చికిత్స మూడు నుండి ఆరు గంటలు పట్టును. రోగికి మెలకువ వచ్చునప్పటికి గొంతులో గొట్టముండును, కావున మాటలాడలేడు. ఇది తెలియని బంధువులు మాట పడిపోయినదని విలపింతురు. గొట్టము తీసిన తరువాత మాట వచ్చును. ఒకటి రెండు దినములు ప్రత్యేక గదిలో నుంచి, ఇబ్బందులు లేనిచో సుమారు వారము దినములకు ఇంటికి పంపుదురు.

ఇల్లు చేరిన తరువాత

కోసిన ఎముకను సన్నని తీగలతో కుట్టుదురు. అది అతుకుకొనుటకు ఆరు నుండి ఎనిమిది వారములు, గట్టిపడుటకు సుమారు మూడు మాసములు పట్టును. అంతవరకు రెండు మూడు కిలోలకు మించిన బరువు నెత్తరాదు. నిండు బిందె పది కిలోలకు తక్కువ యుండదు. గడ్డిమోపు, ధాన్యపు బస్తా, చంటిబిడ్డ కూడ బరువులే. మొదటి ఆరు నుండి ఎనిమిది వారములు సైకిలు, మోటారు సైకిలు, ట్రాక్టరు నడుపరాదు. మన వూళ్లలో రోగిని చంకలక్రింద చేతులు వేసి లేవనెత్తుదురు. అట్లు చేసిన ఎముక విడిపోవచ్చును. రోగి ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు దించి, వీపునకు ఆసరా తీసికొని లేవవలెను. ఒరిగిపోవు నులకమంచముకంటె గట్టి మంచము మేలు.

అట్లని మంచము పట్టియుండుటయు తప్పే. "పచ్చి ఒళ్లు, కదలరాదు" అనుట పెద్దల ప్రేమయే కాని వైద్యము కాదు. మొదట దినమునకు రెండు మూడు సార్లు ఐదు పది నిమిషములు చదునైన నేలపై నడచి, క్రమముగా పెంచవలెను. గాయమును పొడిగా, శుభ్రముగా నుంచవలెను. పసుపు, బూడిద, ఆకుపసరు పూయరాదు. పరామర్శకు వచ్చువారు గుంపుగా రాకుండుట, దగ్గు జలుబులున్నవారు అసలే రాకుండుట ఉపకారము. ఊరగాయ, అప్పడము, ఉప్పుచేప తగ్గించవలెను. కొందరికి నిద్ర పట్టదు, కారణము లేకయే ఏడ్పు వచ్చును. ఇది తరచు కనబడునదే, క్రమముగా తగ్గును. తగ్గనిచో వైద్యునికి చెప్పవలెను.

మానరాని మాత్ర

మన ఉదాహరణములోని స్త్రీకి లోహపు కవాటము నమర్చిరనుకొందము. దానిపై రక్తము గడ్డకట్టకుండుటకు వార్ఫరిన్ వంటి మాత్రను ఆమె జీవితాంతము వేసికొనవలెను. మాత్ర తక్కువైన గడ్డ యేర్పడి కవాటము బిగుసుకొనును. లేదా గడ్డ మెదడునకు పోయి పక్షవాతము వచ్చును. ఎక్కువైన రక్తస్రావమగును. అందుకే ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష మొదట తరచుగను, తరువాత సాధారణముగా నెలకొకసారియు చేయించవలెను. గుండె యెడమ ప్రక్క గదుల నడుమనున్న కవాటమును లోహముతో మార్చినవారికి అది సాధారణముగా 2.5 నుండి 3.5 వరకు ఉండవలెను.

అపాయము ఇక్కడనే పొంచియున్నది. ఆమెకు ఆయాసము పోయినది, నాట్లు వచ్చినవి, పరీక్షకు పోవుటకు ఒక దినపు కూలి పోవును, బస్సు ఛార్జి తగులును. "బాగుగనే యున్నాను గదా" అని మాత్ర మానును. లక్షల వ్యయముతో దక్కిన ప్రాణము బస్సు ఛార్జి లేక పోవుట ఊరికి తగునా?

ఈ మాత్ర వాడువారు తోటకూర, గోంగూర, మునగాకు మానవలసిన పనిలేదు. ఒకనాడు అతిగా, ఒకనాడు శూన్యముగా కాక, ఎప్పుడును ఇంచుమించు ఒకే మోతాదున తినవలెను. నొప్పిమాత్రలు, నాటుమందులు స్వంతముగా వాడరాదు. సూది వేయువానికి, పన్ను తీయువానికి తమ కవాటము సంగతి ముందే చెప్పవలెను. బిడ్డను కోరు స్త్రీ గర్భము ధరించుటకు ముందే గుండె వైద్యుని కలియవలెను. ఈ మాత్రవలన గర్భస్థ శిశువునకు హాని కలుగవచ్చును. రుమాటిక్ జ్వరము మరల రాకుండ ఇచ్చు పెన్సిలిన్‌ను కూడ వైద్యుడు చెప్పినంతకాలము వాడవలెను.

వెంటనే వైద్యునికి చూపవలసినవి

100.4 డిగ్రీల జ్వరము. గాయము ఎర్రబారుట, చీము కారుట. కదలినపుడు రొమ్ము ఎముక టక్కుమనుట. దినములో ఒక కిలో, వారములో రెండు కిలోలు బరువు పెరుగుట. నల్లని విరేచనము, ఆగని రక్తము. మూతి వంకరపోయినను, కాలుసేతులు చచ్చుబడినను, ఊపిరాడకున్నను, రొమ్మునొప్పి వచ్చినను 108కి తక్షణమే ఫోను చేయవలెను.

పంచాయతీ చేయదగినవి

గ్రామమున గుండె శస్త్రచికిత్స జరిగినవారెవరో, వారిలో కవాటము మారినవారెవరో ఆశా కార్యకర్త సహాయమున, వారి సమ్మతితో, తెలిసికొనవలెను. నెల పరీక్ష తేదీని ఒకరు గుర్తుచేయు ఏర్పాటు, పోలేనివారికి తోడు, ప్రయాణ సహాయము చూడవలెను. మూడు మాసములవరకు మట్టిపనికి, మోతపనికి పిలువకుండ ఆ యింటికి నీరు, కట్టెలు అందునట్లు ఇరుగుపొరుగును ప్రోత్సహింపవలెను. బడిపిల్లలలో జ్వరముతో గొంతునొప్పి, కీళ్లవాపు కలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. నేడు ఒక బిడ్డ గొంతునొప్పికి సరియైన చికిత్స జరిగిన, రేపు ఒక కవాటము మార్చు పని తప్పవచ్చును.

శస్త్రచికిత్స చేయు నేర్పు వైద్యునిది. దాని ఫలమును నిలుపు బాధ్యత మనది.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున కవాటము మారినవారు ఎందరు? గత నెలలో పరీక్ష చేయించుకొన్నవారు ఎందరు?
2. ఐ.ఎన్.ఆర్. పరీక్ష మనకు దగ్గరలో ఎచ్చట జరుగును? పోయివచ్చుటకు ఎంత ఖర్చగును?
3. శస్త్రచికిత్స జరిగిన కూలీ కుటుంబము మూడు మాసములు గడచుటకు మనము చేయగల సహాయమేమి?