చిత్రము వెనుకనున్న చీటీలు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున బోరబండ యను పేట కలదు. పేరులోనే బండ యున్నది. ఆ ప్రాంతపు గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలతో నేర్పడినవి. పొరుగున మాదాపురములో 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప ఆ చుట్టుపట్ల ఎన్నియో బండలు పగిలి మేడలకు చోటిచ్చినవి. నేడు బోరబండ స్టేషనులో లోకల్ రైలు దిగిన బాలుడు మిగిలిన బండనొకదానిని చేతి ఫోనుతో చిత్రించి, ఱెప్పపాటులో జపాను దేశమునకు పంపగలడు. మెచ్చుకోలు గుర్తు కూడ ఆ ఱెప్పపాటులోనే వచ్చును. మెచ్చినవాడు దానిని నిజముగా చూచెనో లేదో చెప్పుట మాత్రము కష్టము.

పూర్వ మట్లు కాదు. ఛాయాచిత్రకళను జీవనోపాధికి గాక, కేవలము ప్రీతితో అభ్యసించు వారిని ఔత్సాహికులందురు. అట్టివారు రాత్రులందు చీకటి గదిలో కూర్చుండి, ఒక్కొక్క చిత్రమును కాగితముపై స్వయముగా అచ్చువేసి, రెండు అట్టల నడుమ భద్రపఱచి, తపాలాలో విదేశములకు పంపెడివారు. పొట్లముపై "ఛాయాచిత్రములు; వాణిజ్యపు విలువ లేదు" అని వ్రాయుట వాడుక. సుంకపు అధికారుల కొఱకు వ్రాసిన మాట యది. వ్రాసినవాని గుండెకు అందలి విలువ తెలియును.

ఈ రాకపోకలకు మార్గము వేసినది తపాలా శాఖయే. 1874లో స్విట్జర్లాండు దేశపు బెర్న్ నగరమున ప్రపంచ దేశముల తపాలా సమాఖ్యకు పునాది పడెను. 1876లో భారతదేశ మందు చేరెను. హైదరాబాదు సంస్థానమునకు 1869 నుండి సొంత తపాలా బిళ్ళలుండెను గాని, అవి సంస్థానపు ఎల్ల దాటినచో చెల్లవు. లండనుకు జాబు వ్రాయదలచిన నగరవాసి బ్రిటిషు ఇండియా బిళ్ళనే అంటింపవలసి యుండెను. 1907 నుండి మఱియొక సదుపాయము కలిగెను. ప్రత్యుత్తరపు కూపనును కొని జాబులో నుంచినచో, అవతలివాడు తన ఊరి తపాలా కచేరిలో దానినిచ్చి బిళ్ళలు పొంది, తన చేతి డబ్బు వెచ్చింపకయే బదులు వ్రాయవచ్చును. పేద మిత్రునకు అభిమానభంగము కాకుండ చేయు ఉపాయ మిది!

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, బెల్జియము దేశీయుడగు డాక్టర్ మోరిస్ వాన్ డె వేయర్ అన్ని దేశముల ఔత్సాహికులను ఒక సమాఖ్యగా కూర్ప సంకల్పించెను. దాని మొదటి మహాసభ 1950లో జరిగినది. ఎచట ననుకొందురు? ఆ బెర్న్ నగరముననే. నిన్నటి వఱకు ఒకరిపై నొకరు బాంబులు వేసికొన్న దేశముల వారు చిత్రములు పంచుకొనుటకు పూనుకొనిరి. మన దేశమున బెంగుళూరు వాసి డాక్టర్ జి. థామస్ ప్రభృతుల కృషి వలన 1953లో భారత ఛాయాచిత్రకారుల సమాఖ్య ఏర్పడి, తరువాత ఆ అంతర్జాతీయ సమాఖ్యలో చేరెను.

ప్రదర్శనములలో పతకములు వచ్చును. స్నేహము పెరిగినది మాత్రము సంచార సంపుటముల వలననే యనవచ్చును. ఒక పెట్టెలో సభ్యులందఱి చిత్రములును, ఒక్కొక్క దానికి విమర్శపత్రమును ఉండును. పెట్టె ఇంటింటికి తిరుగును. ప్రతి సభ్యుడును ఇతరుల చిత్రములపై తన అభిప్రాయమును దాపఱికము లేక వ్రాసి, తన పాత చిత్రమును తీసికొని, క్రొత్త దానినుంచి, తరువాతి వానికి పంపవలెను. ఒకడు ఆలస్యము చేసినచో అందఱును ఎదురు చూడవలసినదే. పెట్టె దారిలో పోయినచో అందఱి శ్రమయు పోయినట్లే.

ఒకని మీద ఒకటి నిలిచిన బండల చిత్రము మన ప్రాంతము నుండి అట్టి పెట్టెలో వెళ్ళిన దనుకొందము. చల్లని దేశపు మిత్రుడు, "ఆకాశమును కొంచెము నల్లగా అచ్చువేయుము" అని వ్రాయును. అంతటితో ఆగడు. "ఈ రాళ్ళను పేర్చిన వారెవరు?" అని యడుగును. దినమును ఆ బండ ప్రక్కనుండియే నడచువానికి అట్టి ప్రశ్న ఎన్నడును తోచి యుండదు. బదులు వ్రాయవలెనన్నచో విచారింపవలెను. మనుజు లెవరును పేర్చలేదనియు, నేలలోపలి శిల పగుళ్ళ వెంట శిథిలమై, మట్టి కొట్టుకొనిపోగా గట్టి భాగములు అట్లు నిలిచినవనియు అప్పుడు తెలిసికొనును. చిత్రమును సరిదిద్దుటకు మరల గుట్టకు పోయి, ఈమాఱు ఆ బండను చూచును.

ప్రదర్శనమునకు ఎన్నికైన చిత్రము వెనుక ఆ ఊరి వారు చిన్న చీటీ అంటించి పంపుట ఆచారము. పలు దేశములు తిరిగిన చిత్రము వెనుక అట్ట కానరానంతగా చీటీలు నిండియుండును. కొన్ని చిత్రములు మిత్రులకు కానుకలుగా అక్కడనే నిలిచిపోయెడివి. ఇచ్చట పునాదుల క్రింద పడి పిండియైన బండ యేదైన, ఏ దూరదేశపు అలమారలోనో, కాగితముపై చెక్కుచెదరక నేటికిని నిలిచి యుండవచ్చును.