రాగిరేకులపై ఇన్కా రాజులు

దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతముల నడుమ, కుజ్కో నగరము రాజధానిగా ఇన్కా వంశీయులు ఒక మహాసామ్రాజ్యమును పాలించిరి. 1532లో స్పెయిన్ దేశీయుడైన పిజారో కహమార్క పట్టణమున వారి ప్రభువగు అతహువల్పను వంచనతో బంధించెను. విడుదలకై అతడు గదినిండ బంగారము తెప్పించి యిచ్చినను విడువక, మఱుసటి యేడు చంపించెను.

ఆ ప్రభువు ముఖ మెట్లుండెనో నేడు నిశ్చయముగా చెప్పగలవారు లేరు. ఇన్కాలకు మనవలె అక్షరలిపి లేదు. ముడులు వేసిన త్రాళ్ళతో లెక్కలు జ్ఞాపకముంచుకొనెడివారు. మరణించిన రాజుల దేహములనే చెడకుండ భద్రపఱచి, పండుగలలో ఊరేగించెడివారు. రాజే యెదుట కూర్చుండియుండగా చిత్తరువుతో పని యేమి?

ఐరోపా పాఠకుల కట్లు కాదు. వారికి ఆ రాజుల రూపము చూడవలెనను కుతూహలము మెండు. 1584లో పారిస్ నగరమున తెవే అను పండితుడు తాను ప్రకటించిన ప్రసిద్ధపురుషుల చరిత్రలో అతహువల్ప చిత్రమును చేర్చెను. తెవే బ్రెజిల్ తీరమును చూచినవాడే గాని పెరూలో అడుగిడినవాడు కాడు.

ఇట్టి చిత్రములు చేయు విధము వినదగినది. నునుపుచేసిన రాగిరేకుపై పనివాడు సన్నని ఉక్కు ఉలితో గీతలు చెక్కును. రేకునకు సిరా పూసి పైభాగమును తుడిచినచో, గీతలలోని సిరా మాత్రము నిలుచును. తడిపిన కాగితమును దానిపై పఱచి యంత్రమున గట్టిగా నొక్కగా బొమ్మ దిగును. ఒక్క రేకునుండి వందలకొలది ప్రతులు తీయవచ్చును. ఒకని బొమ్మను చూచి వేఱొకడు చెక్కును. అది చూచి మఱియొకడు. ఇట్లు ఒక పనివాని ఊహ తుదకు సత్యముగా చెలామణి యగును.

అన్నియు వట్టి ఊహలనియు అనరాదు. 1603లో కుజ్కోలోని ఇన్కా సంతతివారు, తమను పన్నులనుండి విముక్తులను చేయుమని స్పెయిన్ రాజునకు విన్నవించుచు, చీనాపట్టుపై తమ పూర్వరాజుల రూపములు వ్రాయించి పంపిరి. ఈ సంగతి ఇన్కా వంశపు తల్లికిని స్పెయిన్ సైనికునకును జన్మించిన గార్సిలాసో తన గ్రంథమున తెలిపెను. 1615లో మాడ్రిడ్‌లో వెలువడిన హెర్రేరా చరిత్రగ్రంథపు ముఖపత్రమున ఇన్కా రాజులు వరుసగా దర్శనమిత్తురు.

అన్నింటిలో గడుసుదైనది 1748 నాటి బొమ్మ. హువాన్, ఉల్లోవా అను నావికాధికారుల యాత్రాగ్రంథమునకై పలోమినో అను శిల్పి దీనిని చెక్కెను. ఇందు 22 మంది ప్రభువులు గలరు. మొదటి 14 మంది ఇన్కాలు. 14వ వాడు అతహువల్ప. 15వ వాడు స్పెయిన్ రాజగు 5వ ఛార్లెస్! 22వ వాడు నాడు సింహాసనమున నున్న 6వ ఫెర్డినాండ్. 14కును 15కును నడుమ నొక హత్య గలదు. బొమ్మలో మాత్రము తండ్రి వెనుక కుమారుడు వచ్చినట్లే తోచును.

అయితే పెరూలోని ఇన్కా కుటుంబములవారు ఆ వరుసను వేఱుగా చదివిరి. వారి యిండ్లలో పూర్వరాజుల పటములు వంశగౌరవమునకు సాక్ష్యములు. 1780లో 2వ తుపాక్ అమారు, తాను ఇన్కా వంశీయుడనని చాటి తిరుగబడెను. 1781 మే నెలలో అతనిని కుజ్కో నగరపు నడివీథిలో క్రూరముగా చంపించిన అరేచే అను అధికారి, ఆ తీర్పులోనే ఇన్కా దుస్తులను నిషేధించి, ఇన్కా రాజుల చిత్రములను తొలగింపుడనియు, గోడలపై నున్నవానిని జాడ మిగులకుండ చెరుపుడనియు శాసించెను. పటములకే అంత వెఱపు!

1821లో పెరూ స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. పిమ్మట వ్రాయబడిన ఒక పటమున మరల ఇన్కాలు వరుసగా నున్నారు. అందు అతహువల్ప తరువాత స్పెయిన్ రాజులు లేరు. విమోచకుడగు బొలీవార్ నిలిచియున్నాడు.